ముందు చెరువులు కనిపించే చిన్న కొండలెక్కు

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. అమ్మానాన్నలు వచ్చాక వాళ్ళనూ, నీ ఆఫీసు స్నేహితులనూ కలిపి న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరోండాక్స్ కొండలకు తీసుకెళ్ళాలని, అక్కడి మౌంట్ మార్సీ ఎక్కాలని రాశావు. ఫోన్‌లో చెబితే సగం గాల్లో కలిసిపోతుంది, అందుకే రాసి పంపిస్తున్నాను. వెళ్ళడం మంచిదే, తప్పకుండా వెళ్ళండి. మార్సీ మాత్రం ఈసారికి వద్దు.

మార్సీ 5,344 అడుగులు. న్యూయార్క్ రాష్ట్రంలో అదే అన్నింటికన్నా ఎత్తు. రానూపోనూ దాదాపు 15 మైళ్ళ నడక. అలవాటున్న కుర్రాళ్ళకే రోజంతా పడుతుంది. అయితే నేను వద్దంటున్నది కష్టమని ఒక్కటే కాదు. పెద్ద కొండ మీద నిలబడితే చుట్టూ ఇంకా కొండలే కనిపిస్తాయి. నీళ్ళు ఎక్కడో దూరాన తళుక్కుమంటాయి, అంతే. ఆ ప్రాంతంలో మూడు వేలకు పైగా సరస్సులు, చెరువులు ఉన్నాయి. వాటిని కాళ్ళ కింద పరిచినట్టు చూడాలంటే రెండు మూడు వేల అడుగుల కొండలే ఎక్కాలి. అవి నీళ్ళ పక్కనే లేచి ఉంటాయి, గంటా రెండు గంటల్లో పైకి చేరతావు. ఎంత ఎత్తు అని అడగడం మానేసి, పైనుంచి ఏ సరస్సు కనిపిస్తుంది అని అడగడం నేర్చుకో. అప్పుడు నీకు సరైన కొండ దొరుకుతుంది.

ఆ ప్రాంతమంతటినీ అడిరోండాక్ పార్క్ అంటారు. పార్క్ అన్నారు కదా అని గేటు, టికెట్టు ఉంటాయనుకోకు. 1892లో ఏర్పాటైన ఈ పార్క్ దాదాపు అరవై లక్షల ఎకరాలు. లోపల ఊళ్ళున్నాయి, బడులున్నాయి, పెట్రోల్ బంకులున్నాయి. సుమారు సగం భూమి ప్రభుత్వానిది. అది ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే 1894లో రాసుకున్నారు. మిగతాది ప్రైవేటు వాళ్ళది. అందుకే చెట్టుకు ‘పోస్టెడ్’ అని, అంటే లోపలికి రావద్దని, బోర్డు కనిపిస్తే అటు అడుగు పెట్టవద్దు, ఫోటో కోసమైనా సరే.

ఇక ఏ కొండ? అమ్మానాన్నలతో అయితే ముందు మౌంట్ ఆరబ్. టప్పర్ లేక్ ఊరికి దగ్గర. ఎత్తు 2,545 అడుగులు, ఒకవైపు మైలు దూరం. పైన 1918 నాటి ఫైర్ టవర్ ఉంది. 1903లో, 1908లో అక్కడి అడవులు ఘోరంగా తగలబడ్డాయి. ఆ తర్వాతే కొండల మీద ఇలాంటి టవర్లు కట్టి, పొగ కనిపెట్టడానికి మనిషిని పెట్టేవారు. నాన్నకు ఇలాంటివంటే ప్రాణం, తప్పకుండా చెప్పు. టవర్ మెట్లు నిటారుగా ఉంటాయి, గాలికి కాస్త కదులుతున్నట్టు అనిపిస్తుంది. అమ్మ భయపడితే బలవంతపెట్టకండి, కింద బండ మీంచి కూడా సరస్సులు కనిపిస్తాయి.

అక్కడికి దగ్గర్లోనే కోనీ మౌంటెన్. 2,280 అడుగులు, మైలుకు కాస్త ఎక్కువ నడక, పైన చెట్లులేని బండ, నాలుగు దిక్కులూ తెరుచుకుని ఉంటుంది. దాని పక్కనే గుడ్‌మన్ మౌంటెన్. 1964లో నల్లజాతి వాళ్ళకు ఓటు హక్కు కోసం మిసిసిపీ వెళ్ళి, మరో ఇద్దరితో పాటు హత్యకు గురైన ఆండ్రూ గుడ్‌మన్ పేరు ఆ కొండకు పెట్టారు. అతనికప్పుడు ఇరవై ఏళ్ళు. వాళ్ళ కుటుంబం వేసవులు టప్పర్ లేక్‌లోనే గడిపేది. నీ స్నేహితులకు ఆ కథ తెలియకపోవచ్చు, ఎక్కేటప్పుడు చెప్పు.

నీకూ నీ స్నేహితులకూ కాస్త గట్టి కొండ కావాలంటే యాంపర్‌సాండ్ ఉంది. నాకు ఆ ప్రాంతంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 3,352 అడుగులు, ఒకవైపు 2.7 మైళ్ళు, ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 1,800 అడుగులు. మొదట్లో దారి పెద్ద పెద్ద చెట్ల మధ్య చదునుగా సాగుతుంది. ఇదేనా కొండ అనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా నిలువెక్కుడు మొదలై, రాతి మెట్లు, బండల మీదుగా పైకి తీసుకుపోతుంది. శిఖరం మీద ఒక్క చెట్టు లేదు. అది దానంతట అది బోడిగా లేదు. 1870ల్లో వెర్‌ప్లాంక్ కోల్విన్ అనే సర్వేయరు ఈ కొండలన్నీ కొలిచాడు. చూపు అడ్డం లేకుండా ఉండాలని ఆయన బృందం పైన చెట్లు కొట్టేసింది. వేళ్ళ పట్టు పోయాక మట్టి వానకు కొట్టుకుపోయింది, బండ మిగిలింది. నూట యాభై ఏళ్ళయినా చెట్టు తిరిగి రాలేదు. ఆ బండ మీద నిలబడితే ఉత్తరాన మిడిల్ సారనాక్ సరస్సు, దాని దీవులు, దక్షిణాన అడవి మధ్య ఒంటరిగా యాంపర్‌సాండ్ సరస్సు, దాని వెనక పెద్ద కొండల వరస. మార్సీ ఎక్కలేదన్న బెంగ అక్కడ తీరిపోతుంది. పైన కూడా బండ మీదే నడవండి. పగుళ్ళలో కాస్తంత మట్టి పట్టుకుని మొలిచిన గడ్డిని తొక్కవద్దు.

రెండో రోజుకు బేకర్ మౌంటెన్ బాగుంటుంది. సారనాక్ లేక్ ఊరి అంచునే ఉంది. 0.9 మైలే కదా అని తేలిగ్గా తీసుకోకు. ఆ కొంచెం దూరంలోనే దాదాపు 900 అడుగులు ఎక్కాలి. నాన్న మోకాళ్ళు బాగుంటేనే అటు వెళ్ళండి, లేకపోతే ఊళ్ళో తిరగండి. 1880ల్లో డాక్టర్ ట్రూడో అక్కడ క్షయ రోగులకు శానిటోరియం పెట్టాడు. చల్లటి శుభ్రమైన గాలే మందని నమ్మిన రోజులవి. రోగులు పడుకున్న అద్దాల వరండాల ఇళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. మన మదనపల్లె ఆరోగ్యవరం గుర్తొస్తుంది అమ్మకు, వాళ్ళ మేనమామ అక్కడే ఉండి నయమై వచ్చాడు.

‘అలిపిరి మెట్లెక్కినవాళ్ళం, ఇదెంత’ అంటాడు నాన్న, నాకు తెలుసు. తిరుమలలో మెట్లున్నాయి, నీడ ఉంది, దారిలో టీ దొరుకుతుంది. ఇక్కడ అడుగడుగునా వేళ్ళు, తడి రాళ్ళు. పాతకాలంలో వేసిన దారులు వంపులు తిరగకుండా నేరుగా పైకి పోతాయి. అందుకని వాళ్ళతో గంటకు ఒక మైలు లెక్క వేసుకో. దిగడం ఎక్కడం కన్నా మెల్లగా సాగుతుంది. పడేదీ దిగేటప్పుడే. ఇద్దరికీ చెరో రెండు ట్రెకింగ్ కర్రలు ఇవ్వు.

ఎప్పుడు వెళ్ళాలన్నది కొండ ఎంపిక కన్నా ముఖ్యం. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా బ్లాక్ ఫ్లైస్ ఉంటాయి. దోమలకన్నా చిన్నవి, చెవుల వెనకా, జుట్టు మొదట్లోనూ కొరికి రక్తం కారేలా చేస్తాయి. అప్పుడు తీసుకెళ్తే అమ్మ మళ్ళీ కొండ పేరెత్తదు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మెరుపులు వస్తాయి, టవర్ మీద ఉండకూడదు. సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు మొదటి వారం దాటనివ్వకు. మేపుల్, బర్చ్ చెట్లన్నీ ఎరుపు, పసుపుల్లోకి మారి సరస్సుల చుట్టూ అంచు కట్టినట్టుంటాయి. అయితే శని ఆదివారాల్లో పొద్దున్నే పార్కింగ్ నిండిపోతుంది. ఒక రోజు సెలవు పెట్టి మామూలు రోజున వెళ్ళండి. రాలిన ఆకులు తడిస్తే కాలు జారుతుందని గుర్తుంచుకో.

అమ్మ కాటన్ చీరలో, చుడీదార్‌లో వస్తానంటుంది. కాటన్ వద్దు. ఎక్కేటప్పుడు చెమటకు తడుస్తుంది, పైన గాలికి మంచులా పడుతుంది. కింద ఎండగా ఉన్నా పైన వణుకు పుడుతుంది. పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు, పైన ఉన్ని స్వెట్టరు, వాన కోటు. చున్నీ ఇంట్లోనే, కొమ్మలకు తగులుకుంటుంది. ప్యాంటు కిందివైపు సాక్సుల్లోకి దోపమను. పిడుదులు ఉంటాయి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. రూముకు వచ్చాక మోకాళ్ళ వెనకా, నడుం దగ్గరా, తలలోనూ వెతుక్కోండి. ఇందులో మొహమాటం వద్దు.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగవద్దు. పులిహోర, చపాతీ చుట్టలు, వేరుశనగ ఉండలు చాలు. నాన్న షుగర్ మాత్రలు, గ్లూకోజ్ బిస్కెట్లు, ఇన్సూరెన్స్ కార్డు నీ సంచిలోనే ఉండాలి. కమలా తొక్క కూడా అడవిలో పడేయకండి. బాత్రూం సంగతి అమ్మ అడగదు, నువ్వే ముందు చెప్పు. కొండ మీద ఉండవు. ఊళ్ళోనే వెళ్ళి రావాలి. తప్పకపోతే దారికీ నీళ్ళకూ 150 అడుగుల దూరంలో గొయ్యి తీసి కప్పేయాలి, చిన్న తాపీ పట్టుకెళ్ళు.

దారి మొదట్లో చెక్కపెట్టెలో రిజిస్టరు ఉంటుంది. పేరు, ఎంతమంది, ఎక్కడికి అన్నది రాయి, తిరిగొచ్చాక దిగిపోయామని రాయడం మరవకు. మీరు రాకపోతే రేంజర్లు మొదట చూసేది ఆ పుస్తకమే. అక్కడ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో, కాగితం మ్యాపు కూడా ఉంచుకో. మనిషికో తల లైటు. ఫోన్ లైటుతో ఆ రాళ్ళ మీద దిగలేరు. మధ్యాహ్నం రెండు అయిందంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం పది నిమిషాలేనని ఎవరన్నా సరే. ఈ ఒక్కటి నీ స్నేహితులకు కారెక్కకముందే చెప్పు, పైన చెబితే ఎవరూ వినరు.

గురువారం రాత్రికి ఆల్బనీ మా ఇంటికి వచ్చేయండి. శుక్రవారం పొద్దున్న ఆరుకల్లా బయల్దేరితే తొమ్మిదిన్నరకు ఆరబ్ దగ్గర ఉంటాం. నేనూ, మీ పెద్దమ్మా వస్తాం. మా గరాజ్‌లో రెండు జతల కర్రలున్నాయి, ఇంకో రెండు నువ్వు కొను. అమ్మకూ నాన్నకూ కొత్త బూట్లు కొంటే అవి వేసుకుని కనీసం రెండు వారాలు మీ వీధిలో నడవమను. నీకు సెలవు దొరికే తేదీ ఈ వారంలోనే చెప్పు. ఆకులు రంగు మారే రోజుల్లో టప్పర్ లేక్‌లో గదులు త్వరగా అయిపోతాయి, నేను బుక్ చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న