కరెంటు కోతలు మొదలైతే రొయ్యల ఎగుమతిలో సప్లై చైన్ చూసేవాళ్లు ముందు ఏం చేయాలి?

రొయ్యల్ని శుభ్రం చేసి గడ్డకట్టించే ప్లాంటు కంటే ముందు చెరువు గట్టు చూడాలి. భీమవరం వైపు కొందరు ప్లాంటు జనరేటర్‌కి డీజిల్ నింపేసి ధీమాగా కూర్చుంటారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఆగాయా, రొయ్య పైకి తేలి గంటల్లో చెరువంతా పోతుంది. ఇక ప్లాంటులో కరెంటుండి ఏం లాభం? అందుకే డీజిల్ దొరికేటప్పుడే రైతుకీ ఐసు ఫ్యాక్టరీకీ ఎంతెంతో మాట్లాడి పెట్టుకోవాలి.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. అలాంటి రోజులొస్తే పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) తేదీలు కోతల్ని బట్టి సర్దుకోవడమే.

కోల్డ్ స్టోరేజీలో సరుక్కి మైనస్ 18 డిగ్రీలు చాలు. కానీ కరెంటున్నప్పుడే ఇంకో నాలుగైదు డిగ్రీలు దించి, కోతలో తలుపు తీయకపోతే ఆ చలే కొన్ని గంటలు కాస్తుంది. తలుపు దగ్గర మనిషిని కూర్చోబెట్టండి, నవ్వులాట కాదు.

సోలార్ అంటారా, ప్లాంటుకి పగటి బిల్లు తగ్గుతుంది. చెరువుకి అసలు అవసరం రాత్రి, బ్యాటరీ లేకుండా అది తీరదు.