చరిత్ర ప్రశ్నలు: ‘వాళ్లు ముందే ఎందుకు పారిపోలేదు?’

ప్రశ్న: మేడమ్, హిట్లర్ 1933లోనే అధికారంలోకి వచ్చాడు. యూదులను మూకుమ్మడిగా చంపడం 1941లో మొదలైంది. మధ్యలో ఎనిమిదేళ్లున్నాయి. అంత చదువుకున్నవాళ్లు ముందే ఎందుకు దేశం విడిచి పోలేదు? కనీసం ఎదురెందుకు తిరగలేదు?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. అడిగినందుకు తప్పు పట్టను. కానీ ఈ ప్రశ్నకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది చనిపోయినవాళ్లు కాదు.

అసలు పోలేదన్నదే నిజం కాదు. 1933లో జర్మనీలో యూదులు సుమారు 5,25,000 మంది. యుద్ధం మొదలయ్యే నాటికి అందులో సగానికి పైగా వెళ్లిపోయారు. ఎలా వెళ్లారో చూడు. కాస్త ఆస్తి ఉన్నవాడైతే అందులో నాలుగో వంతు దేశం విడిచే పన్ను కింద కట్టాలి. మిగిలిన డబ్బు బ్యాంకులోనే బిగించేవారు. చేతికి దక్కేది 10 మార్కులు. 1938 అక్టోబరు నుంచి పాస్‌పోర్టు మీద ఎర్ర సిరాతో ‘జె’ అనే అక్షరం ముద్ర, జర్మన్‌లో ‘యూదుడు’ అనే మాటకు మొదటి అక్షరం. యూదు శరణార్థులను సరిహద్దు దగ్గరే గుర్తుపట్టి ఆపాలని స్విట్జర్లాండ్ అధికారులు పట్టుబడితే, జర్మన్లు వాళ్లతో మాట్లాడుకుని తెచ్చిన ముద్ర అది.

ఇన్ని దాటుకుని బయటపడితే ఎక్కడికి పోవాలి? 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు ఈ శరణార్థుల గురించే సమావేశమయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి సానుభూతి చెప్పి కూర్చున్నారు. ‘మాకు జాతి సమస్య అంటూ ఏదీ లేదు, దాన్ని దిగుమతి చేసుకోవాలని కూడా లేదు’ అన్నాడు ఆస్ట్రేలియా ప్రతినిధి. పెద్ద సంఖ్యలో తీసుకుంటామని ముందుకొచ్చింది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. అమెరికా జర్మనీ, ఆస్ట్రియాలకు కలిపి ఏడాదికి 27,370 వీసాలకు మించి ఇవ్వనంది. 1939 నాటికి ఆ వరసలో 3 లక్షల మందికి పైగా ఉన్నారు. అదే ఏడాది మే నెలలో బ్రిటన్, అప్పట్లో తన ఏలుబడిలో ఉన్న పాలస్తీనాలోకి అయిదేళ్లలో 75,000 మంది యూదులకు మించి రానివ్వకూడదని తీర్మానించింది.

ఆ మే నెలలోనే ‘సెయింట్ లూయిస్’ అనే ఓడ 937 మందితో హాంబర్గ్ నుంచి క్యూబాకు బయల్దేరింది. దాదాపు అందరూ యూదులే. దిగడానికి అనుమతి పత్రాలు డబ్బిచ్చి కొనుక్కున్నారు. ఓడ ఇంకా బయల్దేరకముందే క్యూబా ప్రభుత్వం ఆ పత్రాలను రద్దు చేసింది. హవానాలో దిగనిచ్చింది 28 మందిని. ఓడ అమెరికాలోని ఫ్లోరిడా తీరం వెంట తిరిగింది. మయామీ దీపాలు కనిపించేంత దగ్గర. ప్రయాణికులు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు తంతి కొట్టారు. ఆయన జవాబివ్వలేదు. మీ వంతు వచ్చేదాకా ఆగి వీసా తీసుకోండి అని విదేశాంగ శాఖ చెప్పింది. కెప్టెన్ గుస్టాఫ్ ష్రోడర్ మంచివాడు, జర్మనీకి మాత్రం తిప్పనని భీష్మించాడు. చివరికి బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ తలా కొందరిని తీసుకున్నాయి. ఏడాది తిరక్కుండా బ్రిటన్ తప్ప మిగతా మూడూ హిట్లర్ వశమయ్యాయి. ఆ ఓడలో వెనక్కి వచ్చినవాళ్లలో 254 మంది నరమేధంలో పోయారు. పారిపోయినవాళ్లే వాళ్లు!

ఇంకో సంగతి. చనిపోయినవాళ్లలో జర్మన్ యూదులు కొద్దిమందే. పోలండ్‌లో 33 లక్షల మంది యూదులుంటే 30 లక్షల మందిని చంపారు. వాళ్లకు నువ్వు చెప్పే ఎనిమిదేళ్లు లేవు. 1939 సెప్టెంబరులో కొన్ని వారాల్లోనే జర్మన్ సైన్యం వాళ్లలో చాలామంది వీధుల్లోకి వచ్చేసింది.

ఎదురు తిరగలేదన్న మాటా నిలవదు. 1941 చివరి రాత్రి లిథువేనియాలోని విల్నా గెట్టోలో, అంటే యూదులను బంధించి ఉంచిన పేటలో, యువకులు రహస్యంగా కూడి, గొర్రెల్లా కోతకు పోవద్దు, ఆయుధం పట్టండి అంటూ పిలుపు చదివారు. వార్సా గెట్టోలో 1943 ఏప్రిల్ 19న తిరుగుబాటు లేచింది. చేతిలో ఉన్నవి పిస్తోళ్లు, గ్రెనేడ్లు, పెట్రోలు నింపిన సీసాలు. అణచడానికి జర్మన్లకు మే 16 దాకా పట్టింది. దేశమంత సైన్యమున్న పోలండ్ అయిదు వారాల్లో ఓడింది, ఆకలితో నకనకలాడే పిల్లలు నాలుగు వారాలు నిలబడ్డారు. అదే ఏడాది ఆగస్టులో ట్రెబ్లింకాలో, అక్టోబరులో సోబిబోర్‌లో, చంపడానికే కట్టిన శిబిరాల్లో ఖైదీలు తిరగబడ్డారు. ఈ మూడూ మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరాకు నోచుకోలేదన్నది నా బాధ.

ప్రశ్న: ఇదంతా హిట్లర్ ఒక్కడి ఉన్మాదమే కదండీ?
– ఒక గృహిణి

జవాబు: కాదమ్మా. 1096లో క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మతయుద్ధానికి, బయల్దేరిన మూకలు దారిలో వోర్మ్స్, మైంజ్ పట్టణాల యూదులను ఊచకోత కోశాయి. ఇంగ్లండ్ 1290లో, స్పెయిన్ 1492లో వాళ్లను దేశం నుంచే వెళ్లగొట్టాయి. ప్లేగు వస్తే బావుల్లో విషం కలిపారన్నారు. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్‌లో వందలాది మందిని తగలబెట్టారు. అయితే ఆ కాలంలో చాలాచోట్ల మతం మారితే ప్రాణం దక్కేది. నాజీలు ఆ దారీ మూసేశారు. 1935 న్యూరెంబర్గ్ చట్టాల ప్రకారం అమ్మమ్మ, నానమ్మ, ఇద్దరు తాతయ్యల్లో ముగ్గురు యూదులైతే మనిషి చర్చికి వెళ్తున్నా యూదుడే. ఇక ఒక్కడి పని అంటారా? 1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్‌సేలో 15 మంది అధికారులు కూర్చుని గంటన్నరలో ఈ హత్యాకాండకు శాఖల మధ్య సమన్వయం కుదుర్చుకున్నారు. హిట్లర్ ఆ గదిలో లేడు. ఉన్నవాళ్లలో సగం మందికి పైగా డాక్టరేట్లు.

ప్రశ్న: నాజీలు చంపిన యూదులు 60 లక్షలన్న అంకె యుద్ధం తర్వాత పెంచి చెప్పిందని ఒక మిత్రుడు వీడియో పంపాడు. ఏం చెప్పాలి?
– ఒక యువ ఉపాధ్యాయుడు

జవాబు: హంతకులు రాసుకున్న లెక్కే చూపించండి. లిథువేనియాలో పనిచేసిన కార్ల్ యేగర్ అనే ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) అధికారి 1941 డిసెంబరు 1న తన పైవాళ్లకు నివేదిక పంపాడు. తేదీ, ఊరు, మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు అని వరసలు. అక్టోబరు 29, కౌనాస్ ఊరి పేరు ఎదుట: యూదు పురుషులు 2,007, స్త్రీలు 2,920, పిల్లలు 4,273. మొత్తం 9,200. ఒక్క రోజు, ఒక్క ఊరు. నివేదిక చివర మొత్తం 1,37,346. అలాగే 1943 జనవరిలో హెఫ్లే అనే మరో అధికారి పంపిన తంతిని బ్రిటిష్ గూఢచారులు పట్టుకున్నారు. పోలండ్‌లోని నాలుగు శిబిరాలకు 1942 ఆఖరుకు చేరినవాళ్లు 12,74,166 అని అందులో ఉంది. ఆ కాగితం సంగతి 2000లో గానీ బయటపడలేదు, కాబట్టి దాన్ని చూసి ఎవరూ అంకె పెంచలేదు. జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ 45 లక్షలకు పైగా మృతుల పేర్లు విడివిడిగా సేకరించింది. మీ మిత్రుడిని ఆ వీడియో మళ్లీ చూడమనండి. యేగర్ రాసిన వరసల్లో ఒక్కదానికైనా వాళ్లు జవాబు చెప్పి ఉంటే నాకు రాయండి, వచ్చే సంచికలో దాని గురించే మాట్లాడుకుందాం.