బోర్లీ రెక్టరీ దయ్యం కథల్లో ఏది నమ్మొచ్చు, పాత బంగళాలో చప్పుళ్ళు ఎలా తేల్చుకోవాలి

మీరు రెండు విషయాలు అడిగారు: ఇంగ్లండులోని బోర్లీ రెక్టరీలో (రెక్టరీ అంటే పాస్టరు ఉండే ఇల్లు) నిజంగా ఏం జరిగిందని, అలాంటి పాత ఇంట్లో చప్పుళ్ళు వినిపిస్తే ఏం చూడాలని. రెండింటికీ మొదలు ఒక్కటే. ప్రతి కథా ఏ ఏడాదిలో పుట్టిందో తేదీ పట్టుకుని చూడండి.

బోర్లీ ఎసెక్స్‌లో, సఫోక్ సరిహద్దు దగ్గరున్న చిన్న ఊరు. అక్కడి పాస్టరు హెన్రీ బుల్ 1862లో ఎర్ర ఇటుకలతో ఆ బంగళా కట్టించారు. 14 మంది పిల్లలు కావడంతో తర్వాత ఇంకా పెంచారు. 1362లో అక్కడ మఠం ఉండేదని, ఒక సన్యాసి ఒక సన్యాసినితో లేచిపోబోతే ఆమెను బతికుండగానే గోడలో పెట్టి కట్టేశారని చెబుతారు. ఆ మఠానికి చారిత్రక ఆధారమే లేదు. 1900 జూలై 28 సాయంత్రం పాస్టరు కూతుళ్ళు నలుగురు ఇంటికి కొంత దూరంలో సన్యాసిని ఆకారం చూశామన్నారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో గౌరవంగా వినాల్సిన సాక్ష్యం ఇదొక్కటే. అది కూడా మసక వెలుతురులో చూసినదని మరచిపోకూడదు.

రాళ్ళు పడటం, పూలకుండీలు ఎగరడం 1929 జూన్‌లో మొదలయ్యాయి. డైలీ మిర్రర్ పత్రిక విలేకరి వెనకాలే హ్యారీ ప్రైస్ అనే దయ్యాల పరిశోధకుడు వచ్చాకే! ఆయన వెళ్ళగానే అవి ఆగాయి. 1938 మార్చిలో ప్లాంచెట్ (ఆత్మలు రాస్తాయని నమ్మే చిన్న పలక) మీద ఒక ఆత్మ ఆ రాత్రికే ఇల్లు తగలబెడతానందట. ఇల్లు కాలింది 1939 ఫిబ్రవరి 27న, కొత్త యజమాని పెట్టెలు సర్దుతుంటే నూనె దీపం ఒరిగిందని చెప్పారు. పదకొండు నెలల తేడా ఉన్నా దాన్ని ఇప్పటికీ జోస్యం ఫలించడంగానే చెప్పుకుంటారు.

ప్రైస్ 1937లో ఇల్లు ఏడాదికి అద్దెకు తీసుకుని, పత్రికలో ప్రకటన ఇచ్చి 48 మంది పరిశీలకుల్ని పెట్టాడు. వస్తువుల చుట్టూ సుద్దతో గీత గీసి, కదిలితే తెలిసేలా చూడటం మంచి పద్ధతే. కానీ అంతకుముందు ఏ గదిలో ఏం జరిగిందో రాసిన పుస్తకం కూడా వాళ్ళ చేతికిచ్చాడు. దానితో పరిశీలన అంతా చెడింది. ఎక్కడ ఏం వినిపించాలో ముందే తెలిసినవాడికి అక్కడే వినిపిస్తుంది. 1956లో ఇలాంటి వింతల్ని పరిశోధించే సైకికల్ రీసెర్చ్ సొసైటీ తరఫున ముగ్గురు పరిశీలించి, చాలావరకు ఎలుకలు, ఇంటి ఆకారం వల్ల వచ్చే వింత ప్రతిధ్వనులు, మనుషులు చేసిన మోసం అని తేల్చారు.

ఆ కాలపు ఇళ్ళలో పనివాళ్ళని పిలిచే గంటల్నే ముందు చూడండి. గదిలో లాగే పిడి నుంచి గోడల్లోగుండా తీగ వెళ్ళి, వంటగది పక్కన స్ప్రింగు మీద వేలాడే గంటని కదిలిస్తుంది. ఎలుక తీగమీద పాకినా, చలికి తీగ బిగిసినా గంట మోగొచ్చు. మోగాక కూడా గంట కాసేపు ఊగుతూనే ఉంటుంది కాబట్టి వెంటనే పరుగెత్తి ఏది ఊగుతోందో చూడండి. ఆ తీగని గంట దగ్గర విప్పేసి, మరుసటి రాత్రి ఏమవుతుందో గమనించండి.

కాపలాకి కనీసం ఇద్దరు, వేర్వేరు గదుల్లో, పాత కథలేవీ వినకుండా కూర్చోవాలి. గంట, నిమిషం ఎవరి కాగితంలో వాళ్ళే రాసుకోవాలి, ఉదయం దాకా మాట్లాడుకోకూడదు. తలుపులకి, కిటికీలకి అడ్డంగా సన్నటి నూలుదారం మైనంతో అతికించండి. దారం తెగితే ఎవరో, ఏదో అటుగా వచ్చినట్టే. గాలి దిక్కు, వాన, చలి కూడా రాయకపోతే తర్వాత దేన్నీ పోల్చలేరు.

బోర్లీకే వెళ్ళాలనుకుంటే, ఆ ఇల్లు 1944లోనే పడగొట్టేశారు, చర్చి మాత్రం ఉంది. ఆ స్థలంలో ఇప్పుడు వేరేవాళ్ళ సొంతిళ్ళున్నాయి. రాత్రిళ్ళు టార్చిలేసుకుని వాళ్ళ తోటల్లో తిరగొద్దు.