కొత్త సీజెడ్ కొనాలా, పక్కింటాయన పాత వించెస్టర్ తీసుకోవాలా?

ప్రశ్న: మేం అమెరికాలో ఒహాయోలో ఉంటాం, గ్రీన్ కార్డు వచ్చింది. నేనూ, 13 ఏళ్ల మా అమ్మాయీ కలిసి ఇక్కడి క్లబ్బులో 50 గజాల టార్గెట్ షూటింగ్ మొదలుపెడదామనుకుంటున్నాం. షాపులో కొత్త సీజెడ్ 457 పాయింట్ 22 (చిన్న సన్నటి తూటాలు కాల్చే రకం) రైఫిల్ చూశా. ఈలోగా పక్కింటి పెద్దాయన వాళ్ల నాన్నగారి వించెస్టర్ మోడల్ 75 టార్గెట్ రైఫిల్ దాదాపు అదే ధరకి ఇస్తానంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మాయి కోసమైతే కొత్తదే తీసుకోండి. పాత టార్గెట్ రైఫిళ్లంటే నాకు ప్రాణం, అయినా ఇదే చెప్తా. మోడల్ 75 అంటే 1938 నుంచి 1958 దాకా చేసిన సరుకు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల ట్రైనింగ్‌కి కూడా కొన్నది, మంచిదే. కానీ టార్గెట్ రకానికి 28 అంగుళాల బ్యారెల్, బరువేమో ఎనిమిదిన్నర పౌన్ల పైనే, 13 ఏళ్ల పిల్ల నిలబడి పట్టుకుంటే కాసేపటికే చెయ్యి వణుకుతుంది, వణుకుతోందని గబుక్కున ట్రిగ్గర్ లాగేస్తుంది, అదే అలవాటైపోతే మాన్పించడం చాలా కష్టమండీ. 457లో స్కౌట్ అని పొట్టి స్టాకుతో (భుజానికి ఆన్చుకునే భాగం), 16.5 అంగుళాల బ్యారెల్‌తో పిల్లలకి సరిపడేది ఉంది. ట్రిగ్గర్ ఎంత గట్టిగా ఉండాలో సర్దుకోవచ్చు, పిల్ల ఎదిగాక బ్యారెల్ కూడా మార్చుకోవచ్చు, ఏదైనా విరిగితే షాపులో పార్టు దొరుకుతుంది. పాతదానికి ఎక్స్‌ట్రాక్టరో (కాల్చిన తూటా కేస్‌ని బయటికి లాగే ముక్క) మ్యాగజైనో పోతే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే.

అలాగని పెద్దాయనకి వెంటనే వద్దనకండి. మీ కోసం, పడుకుని కాల్చడానికి, అది బాగుంటుంది, ముందు చూసుకోవాలి అంతే. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసి బోల్ట్ (వెనక లాగి మూసే కడ్డీ) తీసేసి, చాంబర్ వైపు, అంటే తూటా కూర్చునే చోటు వైపు, టార్చ్ పెట్టి మూతి వైపు నుంచి లోపలికి చూడండి. ఎక్కడైనా నల్లటి ఉంగరంలా కనిపిస్తే ఎప్పుడో తూటా లోపల ఇరుక్కుని ఉండగా ఇంకోటి కాల్చారని అర్థం, బ్యారెల్ అక్కడ ఉబ్బిపోయి ఉంటుంది. బిగుతుగా ఉండే గుడ్డ ముక్కని రాడ్‌తో మెల్లగా తోస్తే ఆ చోటుకి రాగానే చటుక్కున వదులైపోతుంది, చేతికే తెలుస్తుంది. అలాంటిది ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

రెండోది చాంబర్ అంచు. ఈ పాయింట్ 22లు రిమ్‌ఫైర్ రకం, పేలే మందు తూటా కేస్ (ఇత్తడి గొట్టం) అంచులోనే ఉంటుంది కాబట్టి ఫైరింగ్ పిన్ ఆ అంచునే కొడుతుంది, ఖాళీగా ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ పిన్ చాంబర్ అంచునే కొట్టి గాటు పడిన రైఫిళ్లు చాలా ఉంటాయి. గాటు పడితే కాల్చిన కేస్ బయటికి రాకుండా పట్టేస్తుంది. అందుకే కొనేముందు పెద్దాయన్నే రేంజికి తీసుకెళ్లి ఓ పెట్టె స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) తూటాలు కాల్చి, ఖాళీ కేసులన్నీ ఏరి చూడండి, అంచు చిట్లినా కేస్ ఉబ్బినా ముందు గన్‌స్మిత్‌కి చూపించాలి. రెండు మూడు బ్రాండ్లు ప్రయత్నించండి, ఏ బ్యారెల్‌కి ఏ తూటా నచ్చుతుందో కాల్చి చూస్తేగానీ తెలీదు, కొత్త రైఫిలైనా అంతే.

డీలర్ ద్వారా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి మీ పేరు మీదకి మార్పించుకోండి, పక్కింటాయనే కదా అనుకోవద్దు. సీరియల్ నంబర్ చెరిపినట్టుంటే అసలు ముట్టుకోవద్దు. ఇంకోటి, ఈ తూటాలు ఎక్కువగా సీసంవే, రేంజి నుంచి రాగానే అమ్మాయి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

ప్రశ్న: నేను హెచ్1బి మీద టెక్సాస్‌లో ఉన్నా. నేనూ ఒక పాయింట్ 22 కొనుక్కోవచ్చా?

జవాబు: మామూలుగా అయితే కుదరదు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, అది పాయింట్ 22 అయినా సరే. మినహాయింపులు కొన్నే, వాటిలో ఎక్కువమంది వాడేది అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది ఉంటే డీలర్‌కి చూపించి, తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. "ఒక్కసారి రేంజికి రారా" అని ఫ్రెండ్ పిలిచి వాళ్ల రైఫిల్ చేతికిచ్చినా ఇదే చట్టం వర్తిస్తుంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా వెళ్లకండి, గ్రీన్ కార్డు ఫైలు నడుస్తున్నవాళ్లైతే మరీనూ.