కొర్రమట్ట ప్రాణంతోని అమ్ముడుపోవాలంటే

బిడ్డా,

బాయి కాడ పది గుంటల జాగల కుంట తవ్వించి కొర్రమట్ట పెంచుతనంటున్నవు. ఇది మన తెలంగాణ రాష్ట్ర చేప, దీనికి ప్రాణమున్నప్పుడు ఒక ధర, పోయినంక ఇంకో ధర. తవ్వేకాడి నుంచి అమ్మేదాకా ప్రతి పని ఆ లెక్కతోనే చెయ్యి.

ముందు మట్టి చూడు. రేగడైతే నీళ్లు ఆగుతయి, చెల్కయితే అడుగున టార్పాలిన్ పరవాలె. లోతు నాలుగు ఫీట్లు చాలు. ఈ చేప పైకొచ్చి గాలి పీలుస్తది, ఎక్కువ లోతుంటే ఎక్కుడు దిగుడుకే బలం పోతది. వాన పడ్డ రాత్రి కట్ట మీదికెల్లి పాకి పోతది గనుక చుట్టూ నాలుగు ఫీట్ల వల కట్టి, అంచు అర ఫీటు మట్టిల పాతు. గుర్రపుడెక్క నాలుగో వంతు దాటనియ్యకు.

ఎక్కువమంది నష్టపోయేది పిల్లల కాడనే. రెండంగుళాల పిల్ల అగ్గువకు దొరుకుతది, కానీ పెద్దది చిన్నదాన్ని మింగుతది. సచ్చి తేలవు గనుక నీకు తెల్వనే తెల్వది, పట్టేనాడు లెక్క సగమే వస్తది. నాలుగంగుళాలు దాటి, ఒక్క తీరుగ ఉండి, తేలే మేతకు అలవాటైన పిల్లనే కొను. కొనే ముందే మేత ఏయించి చూడు. గుంట జాగకు 100 పిల్లలు చాలు. నెలకోసారి వల గుంజి, ఎక్కువ పెరిగినవాటిని వేరే పెట్టు. చెరువులల్ల తల్లీతండ్రీ కాపలా కాసే ఎర్రపిల్లల గుంపును పట్టి తెస్తమంటే మాత్రం వద్దను. చెరువుల జాతి తరుగుతది, ఆ పిల్ల మేత కూడా ముట్టదు.

మేతల ప్రోటీన్ 40 శాతం ఉండాలె. చిన్నప్పుడు చేపల మొత్తం బరువుల 5 శాతం, 200 గ్రాములు దాటినంక 2 నుంచి 3 శాతం. పొద్దుగూకేటప్పుడు బాగ తింటయి, ఆ వాటా పెద్దగ ఉంచు. 20 నిమిషాలకు మిగిలితే తెల్లారి తగ్గించు. చికెన్ షాపుల వ్యర్థాలు అస్సలు వద్దు. నీళ్లు కుళ్లి అమోనియా పెరుగుతది, గాలి పీల్చే చేపనైనా అది వదలది.

నవంబరు నుంచి జనవరి దాకా పుండ్ల రోగం భయం. ముందు ఎర్ర మచ్చ, తర్వాత లోతైన పుండు. అక్టోబరులనే కొన్ని నీళ్లు మార్చి, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం లెక్క) చూసి, నీ కుంటకు 10 కిలోల వ్యవసాయ సున్నం చల్లు. మచ్చ కనబడితే సిఫాక్స్ మందు 120 మిల్లీలీటర్లు నీళ్లల్ల కలిపి కుంటంతా చల్లు. హెక్టారుకు, మీటరు లోతుకు లీటరు లెక్కన అంతే వస్తది.

ఆగస్టుల ఏస్తే మృగశిర కార్తెకు 600 నుంచి 800 గ్రాములకు అందుతయి. ఆనాడు గిరాకీ మస్తు, దింపేటోళ్లు గూడ మస్తు. అందుకే సగం చేపలను ఏప్రిల్ నుంచే ఐతారం ఐతారం అమ్ము.

పట్టే ముందురోజు మేత ఆపు, లేకుంటే డ్రమ్ముల నీళ్లు ఖరాబైతయి. వల కింద కుప్పగ ఉంచకు, పైకి రాక ఊపిరాడక సస్తయి. డ్రమ్ము కూడా అంచుదాకా నింపకు, చేప మునిగేటన్ని నీళ్లు పోసి, పైన గాలికి జాగ విడిచి, మూతకు తూట్లు పెట్టు. పొలుసు లేచినవి హైదరాబాద్ దాకా ఆగవు, పొద్దుగాలనే వరంగల్‌ల అమ్మెయ్యి.

మీ పెద్దబాపు