సూపర్‌ఛార్జర్ సరే, ఫ్యూయల్ సిస్టమ్‌కి డబ్బు ఎక్కడి నుంచి?

ప్రశ్న: మాది తెనాలి. ఇప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. హెచ్-1బీ మీద ఉద్యోగం, ఏడాదికి లక్షన్నర డాలర్ల జీతం. మా ఆవిడది హెచ్-4 వీసా, ఉద్యోగం లేదు. ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు 7,400 డాలర్లు, ఊళ్ళో అమ్మానాన్నలకు 500. 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ మ్యాచ్ (తన వంతు) ఇచ్చేంత వరకు వేస్తున్నాను. అన్నీ పోను 1,100 మిగులుతుంది. సేవింగ్స్‌లో 18,000 ఉంది. నా దగ్గర 2017 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఉంది, 5.0 లీటర్ల వీ8. పోయినేడాది సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) పెట్టించాను. ఈ వేసవిలో అది ఇంకా వేగంగా తిరిగేలా చిన్న పుల్లీ వేయించి బూస్ట్ (ఆ గాలి ఒత్తిడి) 12 పీఎస్‌ఐకి పెంచాను. ఇప్పుడు సుమారు 700 హార్స్‌పవర్. పై ఆర్‌పీఎంలో ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోందని, ఫ్యూయల్ సిస్టమ్ మార్చక తప్పదని ట్యూనర్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు చేసేవాడు) చెప్పాడు. రెండు పంపులు, రిటర్న్ లైన్, రెగ్యులేటర్‌కి 3,100, ఇంజెక్టర్లకు 900, ఈ85 (ఎక్కువగా ఇథనాల్ ఉండే ఇంధనం) కోసం సెన్సర్, వైరింగ్‌కి 500, లేబర్ 1,300, డైనో (పవర్ కొలిచే యంత్రం), ట్యూనింగ్ 600, మొత్తం 6,400 కోట్ ఇచ్చారు. 401(కె) లోన్ తీసుకోనా, షాపు వాళ్ళ 15 నెలల వడ్డీ లేని ఫైనాన్స్ తీసుకోనా, సేవింగ్స్‌లోంచి ఇచ్చేయనా? ట్రక్కు మీద ఇంకెంత పోస్తారని మా ఆవిడ అడుగుతోంది.

జవాబు: ముందు ఒక మాట. మీ ట్యూనర్ చెప్పింది నిజం. దాన్ని షాపు వాళ్ళు బిల్లు పెంచే ఎత్తుగా చూడకండి. అయితే ఆ నిజం విన్నాక వెంటనే 6,400 ఖర్చు పెట్టాల్సిన పని లేదు. ఇంజిన్‌ని కాపాడుకోవడానికి ఇంకో దారి ఉంది, చాలా తక్కువ ఖర్చుతో అయ్యేది. అది మీ గరాజ్‌లోనే ఉండి ఉంటుంది.

మా నాన్నగారు ఒకసారి పొలంలో ఐదు హెచ్‌పీ మోటారు తీసేసి ఏడున్నర హెచ్‌పీది పెట్టారు. పాత సర్వీసు వైరే ఉంచేశారు. మోటారుకే చాలా అయింది, వైరు తర్వాత చూద్దామన్నారు. లోడ్ పడ్డప్పుడల్లా వోల్టేజీ పడిపోయేది. నెల తిరక్కుండా కాయిల్ కాలిపోయింది. రీవైండింగ్‌కి అయిన ఖర్చుతో కొత్త వైరు రెండుసార్లు వేయించి ఉండొచ్చు. పైగా నాట్ల సమయంలో వారం రోజులు నీళ్ళు లేవు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ మోటారే గుర్తొచ్చింది.

మీ ట్రక్కు ఫ్యాక్టరీ నుంచి 385 హార్స్‌పవర్‌తో వచ్చింది. అందులోని పంపు, ఆ పంపుకి వెళ్ళే వైరింగ్ ఆ లెక్కకు చేసినవి. బూస్ట్ ఇంజిన్‌లో పెట్రోలు లెక్క ఇంజిన్ వాళ్ళు ఒక మోటు సూత్రంతో వేస్తారు: ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు 0.65 పౌండ్లు. 700కి 455 పౌండ్లు, అంటే గంటకు సుమారు 280 లీటర్లు. ఎనిమిది ఇంజెక్టర్లకు పంచి, అవి 85 శాతం సమయానికి మించి తెరుచుకుని ఉండకూడదనుకుంటే ఒక్కోటి గంటకు 67 పౌండ్లు ఇచ్చేది కావాలి. ఈ85 పోస్తే ఇదే పవర్‌కి హార్స్‌పవర్‌కి 0.9 పౌండ్ల దాకా పోతుంది. అప్పుడు గంటకు 370 లీటర్ల దగ్గర, ఇంజెక్టర్లు 93 పౌండ్లవి.

దీనికి తోడు ఇంకో చిక్కు. 12 పీఎస్‌ఐ బూస్ట్ ఇంజెక్టర్ మూతి మీద ఎదురు తోస్తుంది. దాన్ని గెలవాలంటే ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే రైల్‌లో ప్రెషర్ కూడా అంత పెరగాలి. పంపు మీద ప్రెషర్ పెరిగే కొద్దీ అది తోడే పెట్రోలు తగ్గుతుంది. ఇంజిన్ ఎక్కువ అడిగే చోటే పంపు చేతులెత్తేస్తుందన్నమాట. గాలి నిండా వచ్చి పెట్రోలు చాలకపోతే సిలిండర్‌లో వేడి పెరిగి డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. పిస్టన్ రింగుల అంచులు విరగడానికి, పిస్టన్ కరగడానికి కొన్ని సెకన్లు చాలు. ఆ తర్వాత ఇంజిన్, బిగింపు కలిపి పది వేల డాలర్లు దాటిపోతుంది. 2017 ట్రక్కు కాబట్టి ఐదేళ్ళ పవర్‌ట్రెయిన్ వారంటీ కూడా అయిపోయింది.

అందుకే మొదట చేయాల్సింది పాత పుల్లీ మళ్ళీ పెట్టించి, దానికి తగిన ట్యూన్ వేయించడం. బెల్టు, లేబర్, ట్యూనింగ్ కలిపి మీరు అడుగుతున్న 6,400లో చిన్న ముక్క ఇది. ఆ బూస్ట్‌లో ప్రెషర్ నిలబడుతోందో లేదో డేటా లాగ్ తీయించి కళ్ళతో చూసుకోండి. నిలబడితే మీకు టైమ్ దొరికినట్టే. తొందర లేనప్పుడు ఎవరి దగ్గరా అప్పు చేయాల్సిన పని ఉండదు.

ఇప్పుడు మీరు అడిగిన మూడు దారులు.

సేవింగ్స్‌లోంచి 6,400 తీస్తే 11,600 మిగులుతుంది. మీ ఇంటి ఖర్చుకి అది నెలన్నర. హెచ్-1బీ ఉద్యోగం పోతే మీకు ఇచ్చే గడువు 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండేందుకు ఇచ్చిన గడువు కాగితం) అంతకన్నా ముందే ముగిస్తే అంతవరకే. ఆ 60 రోజులు కూడా గడవని డబ్బుతో ఇద్దరు పిల్లలున్న ఇల్లు నడపమని నేను చెప్పలేను. మీ ఆవిడకు ఉద్యోగం లేదు కాబట్టి రెండో జీతం ఆసరా కూడా లేదు. ఇప్పుడున్న 18,000 కూడా నాకు తక్కువగానే అనిపిస్తోంది. కనీసం మూడు నెలల ఖర్చు, 22,200 ఉండాలి.

401(కె) లోన్ గురించి మన వాళ్ళలో ఒక మాట బాగా పాకిపోయింది: 'వడ్డీ మనకే కడతాం కదా, నష్టం ఏముంది' అని. ఉద్యోగం నిలకడగా ఉన్నంత వరకు ఆ మాటలో కొంత నిజం ఉంది. ఉద్యోగం పోయిన రోజున లెక్క మారిపోతుంది. చాలా ప్లాన్లు మిగిలిన బాకీని ఖాతాలోంచి సర్దేస్తాయి. ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా, ఎక్స్‌టెన్షన్ ఉంటే అది కూడా కలుపుకొని, అంత డబ్బు ఐఆర్‌ఏలో (సొంత రిటైర్మెంట్ ఖాతాలో) వేయలేకపోతే అది మీరు ముందే తీసుకున్న సొమ్ము కింద లెక్క. 5,000 బాకీ ఉండగా అలా జరిగితే, 22 శాతం శ్లాబులో 1,100 పన్ను, యాభై తొమ్మిదిన్నరేళ్ళు నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ 500. జీతం ఆగిపోయిన ఏడాదే 1,600 పోతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం ఒక్కటే కాస్త ఊరట.

షాపు ఫైనాన్స్ కాగితాలు చదివారా? వడ్డీ లేదు అనేది రెండు రకాలు. కొన్ని క్రెడిట్ కార్డులు ఇచ్చేది నిజమైన సున్నా. గడువు తర్వాత మిగిలిన దాని మీదే వడ్డీ. షాపుల్లో ఇచ్చేది చాలాసార్లు డిఫర్డ్ ఇంటరెస్ట్. 15వ నెల చివర వంద డాలర్లు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ మొత్తం ఒకేసారి వేస్తారు. 25 శాతం రేటు అనుకుంటే మీ 6,400 మీద అది వెయ్యి డాలర్ల దగ్గరికి వస్తుంది. నెలకు 427 కట్టగలరు, నాకు అనుమానం లేదు. కానీ ఇండియా టికెట్లు, ఊళ్ళో ఎవరికో ఆసుపత్రి ఖర్చు, ఇలా ఒక నెల తడబడే సందర్భాలు మీకూ తెలుసు.

కాబట్టి మూడూ వద్దంటాను. మిగిలే 1,100ని మొదటి నాలుగు నెలలు సేవింగ్స్‌లో వేయండి. 22,200 దాటుతుంది. ఐదో నెల నుంచి ట్రక్కు కోసం వేరే ఖాతా తెరిచి అదే 1,100 అందులో వేయండి. కోట్ 6,400 అయినా నేను 7,400 పెట్టుకోమంటాను. ట్యాంకు దించాక ఏదో ఒక ఫిట్టింగ్, ఏదో ఒక లైను అదనంగా కావాల్సి వస్తుంది. ఏడు నెలలు పడుతుంది. మొత్తం పదకొండు నెలల్లో ఒక్క డాలరు అప్పు లేకుండా పని మొదలుపెట్టొచ్చు. మ్యాచ్ వచ్చేంత 401(కె), ఇంటికి పంపే 500, ఈ రెండూ ముట్టుకోవద్దు.

ఈ పదకొండు నెలల్లో ఒక విషయం తేల్చుకోండి: మీకు నిజంగా ఈ85 కావాలా? ఇథనాల్ సిలిండర్‌ని చల్లబరుస్తుంది, నాకింగ్‌ని తట్టుకుంటుంది, కాబట్టి ట్యూనర్లకు అదంటే ఇష్టం. అందులో తప్పు లేదు. కానీ మీ కోట్ పెద్దదవడానికి కారణం కూడా అదే. రెండు పంపులు, పెద్ద ఇంజెక్టర్లు, సెన్సర్ అన్నీ ఈ85 కోసమే. 93 ఆక్టేన్ పెట్రోలు మీదే ఉండి 700తో తృప్తి పడితే ఒక పెద్ద పంపు, దానికి సరైన వైరింగ్, తగిన ఇంజెక్టర్లతో సరిపోతుందా అని అడిగి, రెండో కోట్ రాయించి తీసుకోండి.

రోజువారీ ఖర్చు కూడా చూడాలి. ఈ85తో మైలేజీ సుమారు నాలుగో వంతు పడిపోతుంది. ఏడాదికి 12,000 మైళ్ళు, గ్యాలన్‌కి 14 మైళ్ళు అనుకుంటే ఇప్పుడు 857 గ్యాలన్లు. ఈ85తో పదిన్నర మైళ్ళొస్తే 1,143. ఈ85 ధర 93 ఆక్టేన్ ధరలో నాలుగింట మూడొంతులకు మించితే మీరు నష్టపోతున్నట్టే. మీ ఆఫీసు దారిలోని బంకుల్లో రెండు ధరలూ ఒక నెలపాటు ఫోన్‌లో రాసుకోండి. పైగా బంకులో ఈ85 అని రాసున్నా అందులో ఇథనాల్ కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా మారుతుంది. అందుకే సెన్సర్ లేకుండా ఆ పని అసలు చేయించొద్దు.

మీ ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఫ్యూయల్ సిస్టమ్ అయ్యాక ఇంకేమీ ఉండదని ఆమెకు మాట ఇవ్వకండి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ పంపు గేర్లు పౌడర్ మెటల్‌వి. పెద్ద బూస్ట్ వేసిన వాళ్ళు వాటిని మార్పించుకుంటారు. ముందు కవరంతా విప్పాలి కాబట్టి పార్టు కన్నా లేబరే ఎక్కువ. ఆరు గేర్ల గేర్‌బాక్స్ కూడా 385 హార్స్‌పవర్‌ని దృష్టిలో పెట్టుకునే బిగించారు. ఈ రెండింటికీ ఎంత అవుతుందో ఇప్పుడే షాపులో అడిగి, ఒకే కాగితం మీద మొత్తం వేసి ఆమె ముందు పెట్టండి. ఆ మొత్తం చూశాక కూడా ఇద్దరికీ సరే అనిపిస్తే ముందుకెళ్ళండి. కష్టపడి సంపాదించినది ఇష్టమైన పని మీద పెట్టుకోవడం తప్పని నేను అనను. పాత పుల్లీ మీదే ఉండిపోదామని తేల్చుకున్నా ఆ ట్రక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి కన్నా చాలా ఎక్కువ పవర్‌తోనే ఉంటుంది.

ఇంకో రెండు ఫోన్ కాల్స్. ఒకటి ఇన్సూరెన్స్‌కి. సూపర్‌ఛార్జర్ ఉందని చెప్పారా? చాలా పాలసీల్లో బయట బిగించిన పార్టులకు కవరేజీ చిన్న మొత్తం దగ్గరే ఆగిపోతుంది. మీ దగ్గర వడగళ్ళ వాన, దొంగతనం రెండూ ఉన్నాయి. అదనపు కవరేజీకి ఎంత ప్రీమియమో కనుక్కోండి. రెండోది ట్యూనర్‌కి. టెక్సాస్‌లో 2025 నుంచి సొంత బళ్ళకు సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ, కాలిన్ కౌంటీలోనూ డెంటన్‌లోనూ ఎమిషన్స్ పరీక్ష ఇంకా ఉంది. అందులో ఫెయిలైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగుతుంది. కొత్త ట్యూన్‌తో ట్రక్కు పాస్ అవుతుందా, వేసే పార్టులకు కాలిఫోర్నియా ఈఓ నంబర్ (ఎమిషన్స్ నియమాలకు సరిపోతాయన్న ఆమోదం) ఉందా అని డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడగండి.

పాత పుల్లీకి మాత్రం ఈ వారంలోనే డేట్ తీసుకోండి. అది పెట్టేదాకా నెమ్మదిగా నడపండి. ఫుల్ థ్రాటిల్ ఒక్కసారి కూడా వద్దు.