ఆదర్శ మహిళల ప్రభావం మన వ్యక్తిత్వం మీద నిజంగా ఉంటుందా?

ఆదర్శంగా భావించే మహిళల ప్రభావం మన వ్యక్తిత్వం మీద నిజంగా ఉంటుందా, లేక అది బడిలో రాసే వ్యాసాలకే పరిమితమా అని మీరు అడిగారు. నా అనుభవంలో ఆ ప్రభావం చాలా లోతైనది. అయితే వారు సాధించిన పదవులు, బిరుదులు తెలిసినప్పుడు కాక, ఏ పరిస్థితిలో ఏ పనికి పూనుకున్నారో తెలిసినప్పుడే అది నాలో నాటుకుంది.

నేను మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. జనవరి 3న సావిత్రీబాయి ఫూలే జయంతి నాడు, 1848లో పుణెలో బాలికల బడి తెరిచినందుకు ఆమె మీద బురద, పేడ విసిరారని ఏటా వినేదాన్ని. ఆమె పట్ల భక్తి కలిగింది గానీ, ఆమె జీవితానికీ నా జీవితానికీ సంబంధం ఉందని ఆ వయసులో తోచలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ విషయం వేరు. ఇంటిపేరును బట్టి మా తరగతిలో అందరూ ఆమెను మరాఠీ మహిళగానే భావించేవారు. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టిన తెలుగు మనిషి అనీ, చింతామణరావు దేశ్‌ముఖ్‌ను 1953లో వివాహమాడాక ఆ పేరు వచ్చిందనీ తెలిసిన రోజున, రెండు భాషల మధ్య పెరగడం లోపం కాదన్న ధైర్యం నాకు మొదటిసారి కలిగింది. అంతకంటే ముఖ్యంగా, ఎనిమిదేళ్లకే బాల్యవివాహం జరిగి, ఆ బంధం నుంచి బయటికి వచ్చి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన తరువాతనే ఆమె మెట్రిక్యులేషన్‌కు చదివి, 1942 నాటికి న్యాయశాస్త్ర పట్టా పొందారు. చదువు మధ్యలో ఆగిన స్త్రీల కోసం, ఆమె అధ్యక్షతన నడిచిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో ప్రారంభించిన సంక్షిప్త కోర్సుల వెనుక ఈ అనుభవమే ఉందని నా నమ్మకం. నాకు రాజ్యాంగ సభలోని దుర్గాబాయి కన్నా, పెద్దయ్యాక మెట్రిక్ పుస్తకాలు పట్టిన దుర్గాబాయే ఎక్కువ దగ్గర.

ఎందుకంటే అటువంటి మనిషిని ఇంట్లోనే చూశాను. నాలుగో తరగతితో బడి మాని, మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లిన మా మేనత్త, భర్త పోయిన తరువాత మరాఠీలో లెక్కలు రాయడం నేర్చుకుని, మా వాడలోని బచత్ గట్ (మహిళల పొదుపు సంఘం) పద్దు పుస్తకాన్ని తన చేతిలోకి తీసుకుంది. అప్పు తిరిగి కట్టని వారు ఎంత పలుకుబడి గలవారైనా, సమావేశంలో పేరు చదివి మరీ అడిగేది. ఆమె పక్కన కూర్చుని అంకెలు కూడిన నేను, నలుగురిలో గొంతెత్తడం అక్కడే నేర్చుకున్నాను. ప్రసిద్ధులైన స్త్రీల కథలు ఇది సాధ్యమని చెప్పాయి. ఎలా చేయాలో మాత్రం మా అత్తే చూపింది.

అందుచేత ఒక్కరినే ఆదర్శంగా ఎంచుకుని వారిలా మారాలని ప్రయత్నించవద్దని మీకు నా సలహా. సావిత్రీబాయి సహనాన్ని నేను ఎంతో గౌరవిస్తాను, కానీ అది నాకు అలవడలేదు. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే బడిలో ఎవరైనా ఆడపిల్లను చదువు మాన్పించాలని వస్తే, ఎదురుగా కూర్చుని గట్టిగా వాదిస్తాను. ఆ స్వభావం మా అత్తది.